అనుబంధంలో పెట్టిన దీవి

నా సిద్ధాంత గ్రంథం చివర ‘అనుబంధం–2’ అని రెండు పేజీలున్నాయి. ‘ఆంటిగ్వా: భూగోళం, ప్రజలు, ప్రభుత్వం, ఆర్థిక వ్యవస్థ’ అని దానికి శీర్షిక. జమైకా కిన్‌కైడ్ రచనల మీద పనిచేశాను కాబట్టి, ఆమె పుట్టిన దీవి గురించి కాస్త ‘బ్యాక్‌గ్రౌండ్’ ఉంటే బాగుంటుందని మా గైడ్ అన్నారు. సబ్మిషన్‌కి ముందు ఒక మధ్యాహ్నం కూర్చుని, విజ్ఞాన సర్వస్వాల్లోంచి నాలుగు ముక్కలు ఏరి అతికించేశాను. వైవా రోజున బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్‌ గారు నా మూడొందల పేజీల గురించి పెద్దగా ఏమీ అనలేదు గానీ, “అపెండిక్స్ మాత్రం చాలా నీట్‌గా ఉందమ్మా” అన్నారు. నేను మురిసిపోయాను కూడా.

ఆ నీటైన పేజీల్లో ఒక వాక్యం ఉంది. ‘ఈ దేశంలో భాగమైన బార్బుడా దీవి జనాభా సుమారు 1,600.’ నేనది రాసింది 2017 అక్టోబర్‌లో. అంతకు నెల ముందు, సెప్టెంబర్ 6న, ఇర్మా తుఫాను బార్బుడాని ఊడ్చేసింది. పదిళ్ళలో తొమ్మిది దెబ్బతిన్నాయి. వెనకాలే జోస్ అనే ఇంకో తుఫాను వస్తోందని దీవిలో ఉన్నవాళ్ళందరినీ పడవల్లోనూ విమానాల్లోనూ ఆంటిగ్వాకి తరలించారు. దాదాపు మూడొందల ఏళ్ళలో మొదటిసారి ఆ దీవిలో కాపురమున్న మనిషంటూ లేకుండా పోయాడు. అలా వచ్చిన వాళ్ళలో కొందరు వివియన్ రిచర్డ్స్ పేరు పెట్టిన క్రికెట్ స్టేడియంలో తలదాచుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను హైదరాబాద్‌లో ఏసీ లైబ్రరీలో కూర్చుని ఆ ఖాళీ దీవిలో పదహారు వందల మందిని నింపాను. తుఫాను వార్త చూడలేదా అంటే చూశాను. పేపర్లో చదివాను. నా థీసిస్‌కి, ఆ వార్తకి సంబంధం ఉందని నాకు తట్టలేదు. నా థీసిస్ ‘మాతృత్వం–మాతృదేశం: జమైకా కిన్‌కైడ్ కథనాల్లో ద్వంద్వత్వం’ గురించి కదా!

ఈ వ్యాసం ఆ తట్టకపోవడం గురించే. అది నా ఒక్కదాని పొరపాటే అయితే ఇంత రాయక్కర్లేదు. ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్లలో, స్త్రీవాద సదస్సుల్లో, మన పత్రికల్లో కూడా, దూరదేశపు స్త్రీల రచనల్ని మనం చదువుతున్న పద్ధతే ఇది. పుస్తకం ముందుకొస్తుంది, ఊరు అనుబంధంలోకి పోతుంది. రచయిత్రి కోపాన్ని మనం తీసుకుంటాం. ఆ కోపం దేనిమీదో, ఆ నేల, ఆ నీళ్ళు, ఆ జీతాలు, ఆ చట్టాలు మాత్రం వెనక పేజీలకి తోసేస్తాం.

కిన్‌కైడ్‌ని చదవనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 1949లో ఆంటిగ్వా రాజధాని సెయింట్ జాన్స్‌లో ఎలేన్ పాటర్ రిచర్డ్‌సన్‌గా పుట్టింది. చదువులో చురుకైన పిల్ల. వరసగా ముగ్గురు తమ్ముళ్ళు పుట్టారు, సవతి తండ్రికి జబ్బు చేసింది. బడి మాన్పించారు. పదహారేళ్ళకి, 1965లో, న్యూయార్క్ దగ్గర ఒక ఇంట్లో పిల్లల్ని చూసే పనికి పంపారు, డబ్బు ఇంటికి పంపమని. కొన్నాళ్ళకి పంపడం మానేసింది, పేరు మార్చుకుంది, రచయిత్రి అయింది. 1988లో ‘ఎ స్మాల్ ప్లేస్’ అని వంద పేజీలు కూడా లేని పుస్తకం రాసింది. అందులో చదివేవాళ్ళని ‘నువ్వు’ అని పిలిచి, విమానాశ్రయంలో దింపి, టాక్సీ ఎక్కించి, ఊరంతా తిప్పుతూ కడిగేస్తుంది. ఆమెకి ఎంతో పేరిచ్చిన ‘న్యూయార్కర్’ పత్రికే, కొత్త సంపాదకుడొచ్చాక, మరీ కోపంగా ఉందని దాన్ని వేసుకోలేదు. ఆంటిగ్వా ప్రభుత్వమైతే కాగితమ్మీద పెట్టకుండానే కొన్నేళ్ళపాటు ఆమె రాకని నిషేధించింది.

మా సెమినార్లలో ఈ పుస్తకం మీద రెండు రకాల మాటలు విన్నాను. మొదటిది, పెద్ద ప్రొఫెసర్‌ గారొకాయన అన్నది: “కోపం ఎక్కువ, కళ తక్కువ.” ఈ మాటకి జవాబు చెప్పీ చెప్పీ మన నోళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. 1980ల్లో తెలుగు స్త్రీవాద కవిత్వం మీద వచ్చిన తిట్లు గుర్తున్నవాళ్ళకి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. వదిలేద్దాం.

రెండోది మనవాళ్ళు అన్నది, నేనూ అన్నది. కిన్‌కైడ్ దీవి అంటే తల్లి. తల్లి అంటే వలస పాలన. కూతురు పారిపోవడం అంటే స్వాతంత్ర్యం. ఈ సమీకరణం మీద నేను రెండు పేపర్లు చదివాను, ఒకటి అచ్చయింది కూడా. అది పూర్తిగా తప్పని అనను. ‘యానీ జాన్’లో, ‘లూసీ’లో ఆ గుంజాటన ఉంది. కానీ ‘ఎ స్మాల్ ప్లేస్’లో దీవి దేనికీ ప్రతీక కాదు. అది పన్నెండు మైళ్ళ పొడవు, తొమ్మిది మైళ్ళ వెడల్పు ఉన్న నేల. రోడ్లు, కార్లు, మురుగునీళ్ళు కలిసే సముద్రం, బాగుచెయ్యని లైబ్రరీ, మంత్రుల వ్యాపారాలు. ఆమె రాసిందే ఒక భూగోళం–ప్రజలు–ప్రభుత్వం–ఆర్థిక వ్యవస్థ. మనం అనుబంధంలో పడేసింది ఏదో, అదే ఆ పుస్తకం.

ఈ సంగతి నాకు అర్థమయ్యేలా చేసింది ఏ సిద్ధాంతకర్తా కాదు. డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతున్నప్పుడు చివరి బెంచీ అమ్మాయొకతె లేచి, “మేడమ్, అన్ని హోటళ్ళున్నాయి కదా, ఆ దుప్పట్లు ఎవరు ఉతుకుతారు?” అని అడిగింది. క్లాసంతా నవ్వింది. వాళ్ళమ్మ తిరుపతిలో లాడ్జి దుప్పట్లు, గలేబులు ఉతుకుతుందట. ఆ అమ్మాయికి ఆ పుస్తకంలో అన్నిటికన్నా ముందు కనిపించింది అదీ. నా దగ్గర జవాబు లేదు. నేను ‘టూరిస్ట్ గేజ్’ గురించి చెబుతున్నాను.

ఇంటికొచ్చి వెతికాను. ఆంటిగ్వాలో బట్టలుతికిన స్త్రీ ఒకామె 1831లోనే తన కథ చెప్పుకుంది. పేరు మేరీ ప్రిన్స్. బెర్ముడాలో బానిసగా పుట్టి, టర్క్స్ దీవుల ఉప్పు మడుల్లో కాళ్ళు పుళ్ళు పడేలా పనిచేసి, చివరికి ఆంటిగ్వాలో వుడ్ అనే ఆయన ఇంటికి చేరింది. అక్కడ పిల్లని చూడటం, గదులు ఊడ్చడం, బట్టలు ఉతకడం. నీళ్ళలో నానీ నానీ కీళ్ళు పట్టేసి మంచానపడింది. అయినా యజమాని ఊళ్ళో లేనప్పుడు కాఫీ, కందగడ్డలు ఓడలవాళ్ళకి అమ్ముకుని, ఊరివాళ్ళ బట్టలు ఉతికి, తన విడుదలకి డబ్బు కూడబెట్టింది. యజమాని అమ్మనన్నాడు. 1826లో డేనియల్ జేమ్స్ అనే స్వేచ్ఛాజీవిని పెళ్ళి చేసుకుంటే, అనుమతి లేకుండా పెళ్ళేమిటని కొరడాతో కొట్టారు. 1828లో వాళ్ళతోపాటు లండన్ వెళ్ళి, ఆ ఇంట్లోంచి బయటికి నడిచింది. ఇంగ్లండ్ నేల మీద ఆమెని ఎవరూ బలవంతంగా పట్టుకుపోలేరు. కానీ మొగుడున్న ఆంటిగ్వాకి తిరిగి వెళ్తే మళ్ళీ బానిసే. 1829లో పార్లమెంటుకి అర్జీ పెట్టుకుంది. ఫలితం లేదు. 1831లో ఆమె నోటితో చెప్పింది పుస్తకంగా వచ్చింది. బ్రిటన్‌లో అచ్చయిన, నల్లజాతి బానిస స్త్రీ ఆత్మకథల్లో అది మొదటిది. 1833 తర్వాత ఆమె ఏమైందో జాడ లేదు.

సొంత దీవికి వెళ్ళలేని ఆడవాళ్ళలో కిన్‌కైడ్ మొదటిది కాదన్నమాట.

నా అనుబంధంలో మేరీ ప్రిన్స్ లేదు. ‘ప్రజలు’ అనే శీర్షిక కింద ‘అధిక శాతం ఆఫ్రికన్ సంతతి’ అని ఒక్క వాక్యం ఉంది. ఆ సంతతి అక్కడికెలా వచ్చిందో రాయలేదు. 1493లో కొలంబస్ ఆ దీవి పక్కనుంచి పోతూ, కాలు పెట్టకుండానే, సెవిల్ నగరంలో ఉన్న మేరీమాత పేరు దానికి పెట్టాడు. 1632లో ఇంగ్లీషువాళ్ళు స్థిరపడ్డారు. 1674లో కోడ్రింగ్టన్ అనే దొర అక్కడ పెద్ద చెరుకు తోట సంపాదించి, కూతురి పేరు మీద దాన్ని ‘బెట్టీస్ హోప్’ అన్నాడు. దీవికి ఆడపేరు, తోటకి ఆడపిల్ల పేరు. తోటలో వంగి గుంటలు తవ్విన ఆడవాళ్ళ పేర్లు మాత్రం తోట ఖాతాల్లో పశువుల పద్దు పక్కన దొరుకుతాయి. కరీబియన్ చెరుకు తోటల్లో పద్దెనిమిదో శతాబ్దం చివరికొచ్చేసరికి పొలం ముఠాల్లో ఆడవాళ్ళే ఎక్కువ ఉండేవాళ్ళని చరిత్రకారులు లెక్కలు తీసి చూపించారు. ఆ చరిత్రకారుల్లో లూసిల్ మాథ్యురిన్ మెయిర్ లాంటి జమైకా స్త్రీలున్నారు. మన సిలబస్‌లో ఆమె లేదు. మనకి థియరీ పారిస్ నుంచి రావాలి, కోపం మాత్రం కరీబియన్ నుంచి రావాలి.

ఇంకో వాక్యం రాశాను: ‘1834లో బానిసత్వం రద్దయింది.’ నిజమే. మిగతా బ్రిటిష్ కరీబియన్ దీవుల్లో నాలుగేళ్ళో ఆరేళ్ళో ‘అప్రెంటిస్’ పద్ధతి పెడితే, ఆంటిగ్వా తోటల యజమానులు అదేం అక్కర్లేదు, ఒకేసారి వదిలేస్తామన్నారు. చూడబోతే ఎంత ఉదారులు! లెక్క ఏమిటంటే దీవిలో తోటలకి చెందని సాగునేల దాదాపు లేదు. నదుల్లేవు, వానలు తక్కువ. విడుదలైనవాళ్ళు ఎక్కడికి పోతారు? మర్నాడు మళ్ళీ అదే తోట గేటు దగ్గరికి కూలికి రావాలి. ముసలివాళ్ళకీ పిల్లలకీ తిండి పెట్టే ఖర్చు యజమానికి తప్పింది. ఆపైన బ్రిటిష్ ప్రభుత్వం సామ్రాజ్యం మొత్తం మీద రెండు కోట్ల పౌన్ల నష్టపరిహారం ఇచ్చింది, బానిసల యజమానులకి. భూగోళమూ ఆర్థిక వ్యవస్థా వేరువేరు శీర్షికలు ఎందుకు కాకూడదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. నేల లేకపోవడమే అక్కడ చట్టం చేసే పని చేసింది.

సరే, ప్రభుత్వం. 1939లో కార్మిక సంఘం పుట్టింది. దాని నాయకుడిగా ఎదిగిన వీర్ బర్డ్ చెరుకు కూలీల సమ్మెలు నడిపాడు. 1951లో వయోజనులందరికీ ఓటొచ్చింది. 1981 నవంబర్ 1న (మనకి ఆ తేదీ ఇంకో రాష్ట్రావతరణ దినం) స్వాతంత్ర్యం వచ్చింది, బర్డ్ ప్రధాని అయ్యాడు. 1994లో కొడుకు లెస్టర్ బర్డ్ అయ్యాడు, 2004 దాకా ఉన్నాడు. విమానాశ్రయానికి తండ్రి పేరు. 2014 నుంచి గాస్టన్ బ్రౌన్ అదే పార్టీ తరఫున గెలుస్తూ వచ్చాడు. 2023 ఎన్నికల్లో గెలిచిన పదిహేడుమందిలో ఒకే ఒక్క స్త్రీ, ప్రధాని భార్య. దేశాధినేత ఇప్పటికీ ఇంగ్లండ్ రాజు. ఆఖరి కోర్టు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్. 2018లో దాన్ని మార్చుకుందామా అని ప్రజాభిప్రాయం అడిగితే జనం వద్దన్నారు. ఇంట్లోవాళ్ళ మీద లేని నమ్మకం పాత దొర మీద ఉందంటే, ఆ ఇల్లు ఎలా నడుస్తోందో ఊహించుకోవచ్చు. దీవిలో ఎత్తైన కొండకి కూడా 2009లో ఒబామా పేరు పెట్టి, 2016లో తీసేసి పాత పేరే పెట్టుకున్నారు.

లైబ్రరీ సంగతి ఒక్కటి ఇక్కడే చెప్పాలి. 1974 భూకంపంలో సెయింట్ జాన్స్ పబ్లిక్ లైబ్రరీ దెబ్బతింది. కిన్‌కైడ్ చిన్నప్పుడు పుస్తకాలు దొంగిలించిన లైబ్రరీ అది. బాగు చేస్తామన్న బోర్డు అలాగే వేలాడుతోందని ఆమె 1988లో రాసింది. కొత్త భవనం తెరిచింది 2014లో. నలభై ఏళ్ళు. అంటే బడి మాన్పించిన ఆడపిల్ల సొంతంగా చదువుకునే దారి ఒకటి రెండు తరాలపాటు ఒక దుకాణం పైఅంతస్తులో అట్టపెట్టెల మధ్య ఉండిపోయింది. ఇది ‘మౌలిక సదుపాయాలు’ శీర్షిక కింద వస్తుందా, స్త్రీల చరిత్ర కిందా?

చక్కెర పరిశ్రమ 1970ల మొదట్లో మూతపడింది. తర్వాత దేశపు ఆదాయంలో సగానికి మించి టూరిజం చుట్టూనే. ‘365 బీచ్‌లు, రోజుకొకటి’ అనేది వాళ్ళ ప్రచారం. నా అనుబంధంలో ఆ వాక్యం కూడా ఉంది, కొటేషన్ గుర్తులు కూడా లేకుండా! ఆర్థిక వ్యవస్థలో ‘సేవారంగం’ అని రాశాను. ఆ మాట ఎంత శుభ్రంగా ఉందో చూడండి. దాని కింద పక్కలు సర్దే చేతులు, వంటింటి చేతులు, మసాజ్ చేతులు, డొమినికన్ రిపబ్లిక్ నుంచీ గయానా నుంచీ జమైకా నుంచీ వచ్చి చేరిన చేతులూ అన్నీ మాయమైపోతాయి. మంచి సేవకులుగా ఉండటం నేర్పే హోటల్ ట్రైనింగ్ స్కూలుని, బానిసత్వ విముక్తి ఉత్సవాన్ని పక్కపక్కన పెట్టి కిన్‌కైడ్ వెక్కిరించింది. అందులో మనవాళ్ళు చూసింది ‘వ్యంగ్యం’. నా విద్యార్థిని అయితే జీతమెంత అని అడిగి ఉండేది.

“అయితే ఏమంటావు, సాహిత్య విద్యార్థులు గెజిటీర్లు రాయాలా?” అని ఈ వ్యాసం మొదటి ప్రతి చదివిన స్నేహితురాలు అడిగింది. ఆమెదే ఇంకో మాట, అది మరీ గుచ్చుకుంది: “మన పాలమూరు వలసలే రాయడానికి తీరిక లేదు, ఎక్కడో లక్షమంది కూడా ఉంటారో లేదో తెలియని దీవి గురించి నీకెందుకే అంత ఆవేశం?”

పోలికలు చెప్పి ఆమెని ఒప్పించొచ్చు. వాళ్ళ పనిమనుషులు మన గల్ఫ్ అక్కాచెల్లెళ్ళలాంటి వాళ్ళే అనొచ్చు. నేను ఒకప్పుడు అనేదాన్ని. ఇప్పుడు ఆ పని చెయ్యదల్చుకోలేదు. వాళ్ళు మన అద్దం అయితేనే మనం చూస్తామా? అయినా పోలిక అవసరం లేకుండానే సంబంధం ఉంది, నేరుగా, డబ్బు సంబంధం.

ఆంటిగ్వా పేరు క్రికెట్ చూడని తెలుగు ఇళ్ళలోకి ఎప్పుడొచ్చిందో గుర్తు చేసుకోండి. 2018లో, మెహుల్ చోక్సీతో. పంజాబ్ నేషనల్ బ్యాంకుని పదమూడు వేల కోట్లకి పైగా మోసం చేశారన్న ఆరోపణ ఎదుర్కొంటున్న వజ్రాల వ్యాపారి. ఆ కేసు బయటపడకముందే, 2017 నవంబర్‌లో, ఆంటిగ్వా పౌరసత్వం తీసుకున్నాడు. ఎలా? కొనుక్కుని. 2013లో ఆ దేశం పౌరసత్వాన్ని అమ్మే చట్టం చేసింది. జాతీయ నిధికి ఇంత విరాళమని ఒక ధర. ఇర్మా వచ్చిన ఏడాది చివర్లో ఆ ధరని లక్ష డాలర్లకి దించారు, చుట్టుపక్కల దీవులతో పోటీ. 2024లో రెండు లక్షల ముప్ఫై వేలకి పెంచారు. పౌరుడిగా ఉండాలంటే ఐదేళ్ళలో ఐదు రోజులు అక్కడ గడిపితే చాలన్నది అప్పటి షరతు. మేరీ ప్రిన్స్‌కి తన విడుదలని కొనుక్కునే డబ్బుండి కూడా అమ్మేవాడు లేకపోయాడు. కిన్‌కైడ్ అక్కడ పుట్టి కూడా వెళ్ళలేకపోయింది.

ఆ వ్యాపారి కంపెనీలదే మన రంగారెడ్డి జిల్లా రావిర్యాల దగ్గరి వజ్రాల సెజ్. 2018లో ఈడీ జప్తు చేసిన ఆస్తుల్లో ఆ సెజ్ భూమి కూడా ఉంది. చూడండి, మన పక్కనున్న నేల ఒకటి, అక్కడి పాస్‌పోర్టు ఒకటి ఒకే మనిషి ఫైల్లో ఉన్నాయి. 2021 మే నెలలో ఆయన ఆంటిగ్వాలో మాయమై డొమినికాలో తేలినప్పుడు మన చానళ్ళు చేసిన పని ఏమిటి? ఒక స్త్రీ ఫొటో పట్టుకుని, ‘ఎవరీ మిస్టరీ లేడీ’ అని పొద్దస్తమానం ఊదరగొట్టాయి. ఆ దేశానికి పౌరసత్వం అమ్ముకోవాల్సిన గతి ఎందుకు పట్టిందన్న ప్రశ్నకి ఒక్క నిమిషం దొరకలేదు. రావిర్యాలలో నగలకి మెరుగుపెట్టినవాళ్ళ గురించీ దొరకలేదు. 2025 ఏప్రిల్‌లో ఆయన్ని బెల్జియంలో పట్టుకున్నారు. ఆంటిగ్వా మన వార్తల్లోంచి వెళ్ళిపోయింది.

ఇలాంటివాళ్ళలో ఆయన మొదటివాడూ కాదు. అంతకుముందు అలెన్ స్టాన్‌ఫర్డ్ అనే టెక్సస్ పెద్దమనిషి అక్కడ బ్యాంకు పెట్టి, పత్రిక పెట్టి, క్రికెట్ మైదానం కట్టి, 2006లో ‘సర్’ బిరుదు కూడా పుచ్చుకున్నాడు. 2009లో పట్టుబడ్డాడు. ఏడు వందల కోట్ల డాలర్ల మోసం. 2012లో అమెరికా కోర్టు 110 ఏళ్ళ శిక్ష వేసింది. నేల చిన్నదైతే పెద్ద జేబులవాళ్ళకి దాన్ని మొత్తంగా కొనడం సులువు.

మళ్ళీ బార్బుడాకి వస్తాను, అసలు నా కడుపుమంట అక్కడుంది. 1685 నుంచి 1870 దాకా ఆ దీవి కోడ్రింగ్టన్ కుటుంబానికి లీజు. రాజుకి కట్టాల్సిన అద్దె, అడిగితే ఒక బలిసిన గొర్రె. విముక్తి తర్వాత అక్కడివాళ్ళు నేలని పంచుకోలేదు, అందరిదీ అని ఉంచుకున్నారు. మేకలు, చేపలు, కాస్త సాగు. 2007లో అది చట్టం కూడా అయింది. భూమి బార్బుడా ప్రజలందరిదీ, దాన్ని అమ్మడానికి లేదు. పద్దెనిమిదేళ్ళు నిండిన బార్బుడా మనిషి ఎవరైనా ఇల్లు కట్టుకోడానికో సాగుకో చోటు అడగొచ్చు. ఎవరైనా అంటే మొగుడూ తండ్రీ పట్టా రాసివ్వక్కర్లేకుండా ఆడమనిషి కూడా. భూమిహక్కు గురించి ముప్ఫై ఏళ్ళుగా గొంతు చించుకుంటున్న మనం ఈ చట్టం పేరు విన్నామా? ఈ రచయిత్రి మీదే డాక్టరేట్ చేసిన నేను వినలేదు.

ఇర్మా వచ్చి జనం ఆంటిగ్వాలో శరణార్థులుగా ఉండగానే, ఖాళీ దీవిలో బుల్‌డోజర్లు దిగాయి. కొత్త విమానాశ్రయం కోసం అడవి, పొలాలు చదును చేయడం మొదలుపెట్టాయి. కొన్ని నెలల్లోనే 2007 చట్టాన్ని మార్చారు. ఒక్కొక్కరికీ వాళ్ళ స్థలం ఒక డాలరుకి సొంతంగా రాసిస్తామని ప్రధాని అన్నాడు. ఉమ్మడి నేల తాకట్టు పెట్టుకుని బ్యాంకులు అప్పివ్వవు, ఇళ్ళు ఎలా కట్టుకుంటారన్నది ఆయన వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ తాకట్టు పెట్టగలిగింది అమ్ముడుపోతుంది కూడా, అది మన అసైన్డ్ భూముల దగ్గరే చూశాం. బార్బుడాలో కొనడానికి సిద్ధంగా ఉన్నదెవరంటే, 2015లోనే తమ కోసం ప్రత్యేకంగా చట్టం చేయించుకున్న రాబర్ట్ డి నీరో రిసార్టు, ఇంకా కోటీశ్వరుల గోల్ఫ్ ఇళ్ళు కట్టే అమెరికన్ కంపెనీలు.

విమానాశ్రయానికి అనుమతులు సరిగా ఇవ్వలేదని ఇద్దరు కోర్టుకెక్కారు. ఒకరు సముద్ర జీవశాస్త్రవేత్త, ఇంకొకరు రిటైరైన టీచరమ్మ. మీకు ఆ ప్రశ్న వేసే అర్హత ఉందా అన్న ఒక్క విషయమే తేలడానికి లండన్ దాకా పోవాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ప్రివీ కౌన్సిల్, ఉందని తీర్పు చెప్పింది. అప్పటికే రన్‌వే తయారైపోయింది. అదే ఏడాది అక్టోబర్‌లో విమానాశ్రయం తెరిచారు.

అందుకని నా స్నేహితురాలి మొదటి ప్రశ్నకి జవాబు: అవును, గెజిటీరు రాయాలి. మొదటి అధ్యాయంలో రాయాలి. రాయలేకపోతే ఆ పుస్తకం మీద పేపరు చదవకూడదు. కిన్‌కైడ్ ‘నువ్వు’ అన్నప్పుడు ఆ నువ్వు తెల్లవాడనుకుని మనం హాయిగా చప్పట్లు కొట్టాం. ఆమె దీవి చుట్టూ మనమూ తిరిగొచ్చాం. సూర్యరశ్మి బదులు ఏపీఐ స్కోర్లు తెచ్చుకున్నాం.

నా థీసిస్‌ని పుస్తకంగా వేస్తామని ఒక ప్రచురణ సంస్థ అడిగింది. ‘అనుబంధం–2’ తీసేశాను. ఆ రెండు పేజీలూ మొదటి అధ్యాయంగా తిరగరాస్తున్నాను, ఇప్పటికి అరవై పేజీలైంది. దుప్పట్ల సంగతి అడిగిన అమ్మాయి ఇప్పుడు ఎమ్.ఏ. చదువుతోంది. డ్రాఫ్టు తనకి పంపాను. బార్బుడా జనాభా దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, పక్కన “ఏ తేదీ నాటికి, మేడమ్?” అని రాసి పంపింది.